ఉప్పు వెల ఎవరు కట్టారు?

(విజయవాడలో పుస్తకాలు చదివేవాళ్ల నెలవారీ సమావేశంలో ఫ్యామిలీ కోర్టు న్యాయవాది ఒకరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్న మాస్టారూ, వినిపిస్తోందా? కోర్టులో మైకు లేకుండా మాట్లాడీ మాట్లాడీ, మైకు ముందు ఎంత గొంతు పెట్టాలో నాకు తెలియకుండా పోయింది. ఎక్కువైతే చెయ్యెత్తండి.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను సాహిత్యం చదువుకున్నదాన్ని కాదు. ఇరవై రెండేళ్లుగా విడాకులు, మనోవర్తి, పిల్లల కస్టడీ, ఇవే నా పని. రోజంతా కాపురాల పంచాయితీలు వినేదాన్ని, ఇంటికొచ్చి మళ్లీ ప్రేమ నవల చదవాలంటే ఓపిక ఉండదు. ఈ పుస్తకం కూడా నేను కొనుక్కున్నది కాదు. మా ఆఫీసులో జూనియర్ అమ్మాయి ఒకతె ఉంది. పోయిన వేసవి సెలవులకి ముందు నా బల్ల మీద పెట్టి, "మేడమ్, మీరు కస్టడీ కేసులు చూస్తారు కదా, ఇది చదవండి" అంది. ఏదో తీర్పుల సంకలనం కాబోలు అనుకున్నాను. ఇంటికి తీసుకెళ్తే మావారు అట్ట చూసి, "ఉప్పు వెలా? గాంధీగారి ఉప్పు సత్యాగ్రహం మీదా?" అని అడిగారు. (నవ్వులు) నేనూ అవుననే అన్నాను, వివరం తెలియక.

'ది ప్రైస్ ఆఫ్ సాల్ట్' దాని పేరు. ఉప్పు వెల అనుకుందాం. 1952లో అమెరికాలో వచ్చింది. రాసినావిడ అప్పుడు అట్ట మీద క్లేర్ మోర్గన్ అని వేసుకుంది. అసలు పేరు పట్రీషియా హైస్మిత్. అంతకు రెండేళ్ల ముందే ఒక హత్య నవల రాసి పేరు తెచ్చుకుంది, హిచ్‌కాక్ దాన్ని సినిమాగా కూడా తీశాడు. అలాంటి మనిషి తర్వాతి పుస్తకంగా ఇద్దరు ఆడవాళ్ల ప్రేమ కథ పట్టుకెళ్తే పాత ప్రచురణకర్తలు వద్దన్నారు. వేరేవాళ్లు వేశారు, ఆవిడ మారుపేరు పెట్టుకుంది. మరుసటి ఏడు చవక ఎడిషన్ వచ్చి, దాదాపు పది లక్షల కాపీలు పోయాయి. అయినా తన సొంత పేరుతో, 'కరోల్' అని పేరు మార్చి తెచ్చింది 1990లో. అంటే ముప్పై ఎనిమిదేళ్లు. 2015లో సినిమా కూడా వచ్చింది, మీలో కొందరు చూసే ఉంటారు. సినిమా సంగతి నేను ఎత్తను. చాలా చోట్ల మార్చారు, కలగాపులగం అయిపోతుంది.

కథ చెప్తాను. మొత్తం చెప్పేస్తాను, తర్వాత నన్ను తిట్టొద్దు.

న్యూయార్క్‌లో ఒక పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్. క్రిస్మస్ ముందు రద్దీ. తెరీజ్ అని పంతొమ్మిదేళ్ల అమ్మాయి. నాటకాలకి రంగస్థలం సెట్లు డిజైన్ చేయాలని ఆశ. పని దొరక్క బొమ్మల సెక్షన్‌లో తాత్కాలికంగా చేరింది. నవల మొదలయ్యేదే స్టాఫ్ క్యాంటీన్‌లో, మధ్యాహ్నం భోజనం వేళ. ట్రేలు పట్టుకుని లైన్లో జనం, కూర్చోడానికి చోటు ఉండదు. మన బీసెంట్ రోడ్డు బట్టల షాపుల్లో దసరా ముందు సేల్స్ అమ్మాయిలు వంతులేసుకుని డబ్బాలు విప్పుకుంటారు చూడండి, ఆ ఉక్కపోత నాకు అందులో కనిపించింది. అక్కడే రోబిచెక్ గారని ఒక పెద్దావిడ. ఏళ్ల తరబడి అక్కడే పనిచేసి వంగిపోయిన మనిషి. తెరీజ్‌ని ఇంటికి తీసుకెళ్లి, తను కుట్టిన ఎర్ర గౌను తొడుగుతుంది. తెరీజ్‌కి అద్దంలో తన రేపటి బతుకు కనిపించి భయం పుడుతుంది. ఆ నాలుగైదు పేజీలు నన్ను చాలా కలవరపెట్టాయి. ప్రేమ ఇంకా మొదలవలేదు, కానీ అది ఎందుకంత గట్టిగా పట్టేసిందో మీకు అక్కడే తెలిసిపోతుంది.

తర్వాత ఒక రోజు కరోల్ వస్తుంది. ముప్పై దాటిన మనిషి, డబ్బున్న ఇంటి ఇల్లాలు, కూతురికి బొమ్మ కొనడానికి వచ్చింది. అడ్రసు రాసి పంపమంటుంది. తెరీజ్ ఆ అడ్రసుకి ఒక క్రిస్మస్ కార్డు పంపుతుంది. పేరు రాయదు, తన ఉద్యోగి నంబరు రాస్తుంది, 645-ఎ అని. ఇది నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. మనిషికి ఆ షాపులో పేరు లేదు, నంబరే ఉంది. ప్రేమలేఖ కింద సంతకం కూడా ఆ నంబరే.

ఇది నిజంగా జరిగిన దానిలోంచి వచ్చింది కూడా. 1948 డిసెంబరులో హైస్మిత్ న్యూయార్క్‌లో ఒక పెద్ద షాపులో బొమ్మల సెక్షన్‌లో కొన్నాళ్లు పనిచేసింది. ఒకావిడ ఖరీదైన కోటు వేసుకుని వచ్చి బొమ్మ కొనుక్కుని వెళ్లిపోయింది. అంతే. హైస్మిత్ ఆ సాయంత్రం ఇంటికెళ్లి రెండు గంటల్లో కథంతా గీసేసుకుంది. మర్నాటికి జ్వరం, చూస్తే ఆటలమ్మ. పిల్లల సెక్షన్ కదా, ఎవరో పిల్లవాడు అంటించి ఉంటాడు. అమ్మవారు పోసినప్పుడు పుట్టిన నవల అని మా అమ్మకి చెప్తే, "అయితే మంచిదే" అంది. (నవ్వులు)

ఇక కథలోకి వస్తే, కరోల్‌కి భర్త హార్జ్‌తో విడాకుల వ్యవహారం నడుస్తోంది. కూతురు రిండీ. తండ్రి దగ్గర కొన్నాళ్లు, తల్లి దగ్గర కొన్నాళ్లు. కరోల్, తెరీజ్ కారులో పడమటికి బయల్దేరతారు. ఊరూ ఊరూ, హోటలూ హోటలూ. అయోవా రాష్ట్రంలో వాటర్లూ అనే ఊళ్లో ఒక హోటల్లో, మొదటిసారి, ఇద్దరూ దగ్గరవుతారు. మన సినిమాల్లో లాగా పువ్వూ పువ్వూ తగిలించకుండా, అలాగని ఒళ్లు జలదరించేలా కూడా రాయకుండా, చాలా హుందాగా రాసింది. కానీ ఆ రాత్రి పక్క గదిలో హార్జ్ పెట్టిన డిటెక్టివ్ ఉన్నాడు. గోడలోంచి మైకు పెట్టి రికార్డు చేశాడు.

అక్కడికి వచ్చేసరికి నేను పుస్తకం మూసేశాను. చదవలేక కాదు. బాగా తెలిసిన చోటికి వచ్చి పడ్డాను కాబట్టి. ఈ కేసు నాకు తెలుసు! నా దగ్గరికి వచ్చే ఫైళ్లలో పెన్ డ్రైవ్ లేని ఫైలు ఈ మధ్య అరుదు. వాట్సాప్ స్క్రీన్‌షాట్లు, కాల్ రికార్డింగులు, కారులో పెట్టిన జీపీఎస్. భార్యాభర్తలు ఒకరికొకరు తెలియకుండా చేసుకున్న కాల్ రికార్డింగులని విడాకుల కేసుల్లో సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జులైలో మన సుప్రీంకోర్టు చెప్పింది. అది తప్పా ఒప్పా అని ఇక్కడ వాదించను, ఫీజు లేకుండా వాదించను కూడా. (నవ్వులు) అయితే 1952 నాటి నవల్లో గోడకి పెట్టిన ఆ మైకు ఇప్పుడు మన జేబుల్లో ఉంది.

కరోల్ డిటెక్టివ్‌ని దారిలో పట్టుకుని, డబ్బిచ్చి రికార్డింగులు కొంటుంది. అప్పటికే కొన్ని న్యూయార్క్ చేరిపోయాయి. ఆవిడ వెనక్కి వెళ్తుంది, తెరీజ్ దారి మధ్యలో ఒక ఊళ్లోనే ఒంటరిగా ఎదురుచూస్తూ ఉండిపోతుంది. హైస్మిత్ చేసిన పెద్ద పని ఇక్కడ ఉంది. నవలంతా తెరీజ్ కళ్లతోనే నడుస్తుంది. న్యూయార్క్‌లో వకీళ్ల గదుల్లో ఏం జరిగిందో మనకి కనిపించదు. ఉత్తరాలొస్తాయి, ఫోన్లొస్తాయి. కరోల్ ముందు కొన్ని షరతులు పెట్టారని, తెరీజ్‌ని ఇక చూడనని రాసివ్వమన్నారని, అలా రాసిస్తే పిల్లని అప్పుడప్పుడు చూడనిస్తామన్నారని మెల్లగా తెలుస్తుంది. ఆవిడ మొదట ఒప్పుకుంటుంది. తర్వాత ఇంక చాలు, ఆ మాటలన్నీ నేను రాసివ్వను అంటుంది. పిల్ల తండ్రికి పోతుంది.

(సభలో ఒకరు: తల్లి కదండీ, పిల్లని ఎలా వదిలేసింది?)

అమ్మా, మంచి ప్రశ్న. నేను ఇవాళ మాట్లాడాలని వచ్చింది దీని గురించే.

నేను ఒక సంగతి చెప్తాను. ఊరు, పేరు, ఏడాది ఏమీ చెప్పను. నా క్లయింట్ ఒకావిడ, పాప కస్టడీ కేసు. రాజీ కుదిరే సమయానికి ఎదుటి పక్షం ఒక అండర్‌టేకింగ్, అంటే రాతపూర్వక హామీ, అడిగింది. అందులో అయిదారు అంశాలు. రాత్రి డ్యూటీలు చేయను, పాపని స్కూలు మార్చను, ఇలాంటివి. వాటి మధ్యలో ఒకటి: ఫలానా స్నేహితురాలితో రాకపోకలు పెట్టుకోను. నేను చదివి వినిపించాను. ఆవిడ చాలాసేపు కిటికీ వైపు చూసి సంతకం పెట్టింది. లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "మేడమ్, పాప పుట్టినరోజుకి ఆ అమ్మాయి కేకు తెస్తే తప్పవుతుందా?" అని అడిగింది. "ఇప్పట్లో వద్దమ్మా" అన్నాను. ఫైలు ముగిసింది. మంచి సెటిల్‌మెంట్ చేయించానని నాకు సంతోషం కూడా.

ఆ స్నేహితురాలు ఎవరో నేను అడగలేదు. వాళ్లిద్దరి మధ్య ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. ఏమీ లేకపోయి ఉండొచ్చు. కానీ కరోల్ ఉత్తరం చదువుతుంటే, ఇన్నేళ్ల తర్వాత, ఆ కేకు మాట చెవిలో వినిపించింది.

అందుకే అమ్మా, వదిలేసింది అనే మాట నేను వాడను. ఆవిడ ముందు కాగితం పెట్టారు. ఎటు సంతకం పెట్టినా పోయేది ఆవిడకే. మన చట్టంలో, 1956 నాటి హిందూ మైనారిటీ చట్టం తీసుకోండి, అంతకు ముందు 1890 నాటి గార్డియన్స్ చట్టం తీసుకోండి, పిల్లల క్షేమమే ముఖ్యం అని రాసి ఉంటుంది. మాట మంచిదే. ఆ క్షేమం ఏమిటో చెప్పే మనిషి ఎవరు అన్న దగ్గరే తిరకాసు. కరోల్ కేసు నడిచిన అమెరికాలో, సరిగ్గా ఈ నవల వచ్చిన 1952లోనే, అక్కడి మానసిక వైద్యుల సంఘం రుగ్మతల జాబితా మొదటి కూర్పు అచ్చువేసింది. ఆడది ఆడదాన్ని ప్రేమించడం అందులో ఒక జబ్బు. తీసేయడానికి 1973 దాకా పట్టింది. జబ్బు మనిషికి పిల్లనెవరిస్తారు?

ఇప్పుడు నా ఫిర్యాదు. ఈ నవలని పొగిడేవాళ్లందరూ ఒకే మాట అంటారు: సుఖాంతం. దానికి కారణం ఉంది. హైస్మిత్ తర్వాతెప్పుడో రాసిన వెనుకమాటలో చెప్తుంది. అప్పటి అమెరికన్ నవలల్లో ఇలాంటి ప్రేమ చేసినవాళ్లు మణికట్టు కోసుకోవాలి, నీళ్లలో మునగాలి, లేదా బుద్ధి తెచ్చుకుని మగవాణ్ణి పెళ్లాడాలి. చవక నవలలు రాసేవాళ్లకి ప్రచురణకర్తలే ముందుగా చెప్పేవారట, చివర్లో ఏడిపించండి, లేకపోతే పోస్టు వాళ్లు పుస్తకాలు పట్టేసుకుంటారు అని. ఈ నవల్లో ఇద్దరూ బతికి, చివరికి ఒకరి వైపు ఒకరు నడుస్తారు. అందుకే క్లేర్ మోర్గన్ అనే లేని మనిషికి ఉత్తరాలు మూటలుగా వచ్చాయి, నెలల తరబడి. చిన్న ఊళ్ల నుంచి, నాలాంటి వాళ్లు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగే ఉత్తరాలు. ఆ పాఠకుల సంతోషాన్ని నేను తక్కువ చేయను. చేస్తే పాపం.

కానీ రిండీ? ఆ పిల్ల నవల్లో దాదాపు కనిపించదు. ఆ పిల్ల గది ఉంది, ఆ పిల్ల కోసం కొన్న బొమ్మ ఉంది, ఫోన్లో ఆ పిల్లతో మాట్లాడుతున్న తల్లి గొంతు ఉంది. పిల్ల మాత్రం లేదు. సరే, పెద్దవాళ్ల కథ అనుకుందాం. మరి తెరీజ్ మాట ఏమిటి? తెరీజ్ తండ్రి చనిపోయాడు, తల్లి బతికుండే హాస్టల్ స్కూల్లో వదిలేసింది. అక్కడ ఒక సిస్టర్ ఇచ్చిన ఆకుపచ్చ చేతి తొడుగులు, ఒక్కసారి కూడా తొడుక్కోకుండా దాచుకున్న పిల్ల తను. తల్లి దూరమైతే ఎలా ఉంటుందో నవల మొత్తంలో తనకి తెలిసినంత ఎవరికీ తెలియదు. అలాంటి పిల్ల, తన ప్రేమ కారణంగా ఇంకో పిల్లకి తల్లి దూరమవుతుంటే, ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒక్క పూట కూర్చుని ఆలోచించిన పేజీ కోసం వెతికాను. నాకు దొరకలేదు. రచయిత్రికి తట్టకపోవడం కాదు, తట్టే ఉంటుంది. ఆ తలుపు తీస్తే నవల ఇంకోటి అయిపోతుందని భయపడిందని నా అనుమానం.

మా జూనియర్‌తో ఇదే అంటే ఆ అమ్మాయికి కోపం వచ్చింది. "మేడమ్, మగవాడు ఆఫీసులో ఎవరినో ప్రేమించి వెళ్లిపోతే నవల్లో పిల్లల గురించి ఇన్ని ప్రశ్నలు అడుగుతారా మీరు?" అంది. నా దగ్గర జవాబు లేదు. అడగను. ఇన్నేళ్లలో ఎన్ని ఫైళ్లలో అడిగానని? హార్జ్‌ని కూడా నేను అడగలేదు చూడండి, పిల్ల క్షేమం అని చెప్పి పిల్ల తల్లిని గోడ వెనక నుంచి వినడం ఏమిటని. ఫిర్యాదు మాత్రం వెనక్కి తీసుకోను. సగానికి తగ్గిస్తాను.

ఇంకో రెండు చిన్న గొడవలున్నాయి. కారు ప్రయాణం మధ్యలో సాగుతుంది, కొన్ని హోటళ్లు ఎగరేయొచ్చు. కరోల్ తెరీజ్‌తో మాట్లాడే తీరు నాకు కొన్నిచోట్ల గిట్టలేదు. ఒకసారి దగ్గరికి తీస్తుంది, ఒకసారి కసురుకుంటుంది. డబ్బూ వయసూ తన వైపు ఉన్నాయన్న ధీమా. అయితే చివరికి వచ్చేసరికి త్రాసు మారుతుంది. కరోల్ ఫర్నిచర్ కంపెనీలో ఉద్యోగం వెతుక్కుంటుంది, ఇల్లు పోయింది, పిల్ల పోయింది. కలిసి ఉందామా అని ఈసారి తనే అడుగుతుంది. తెరీజ్ వెంటనే సరే అనదు. ముందు కాదంటుంది. ఒక పార్టీకి వెళ్తుంది, అక్కడ ఇంకొకరు తన మీద ఆసక్తి చూపిస్తారు, అది కూడా చూసి, అప్పుడు నడుచుకుంటూ కరోల్ ఉన్న రెస్టారెంటుకి వస్తుంది. కరోల్ చూసి చెయ్యెత్తుతుంది. అంతే. అమ్మాయి పెద్దదై వచ్చింది కాబట్టి నాకు ఆ ముగింపు నమ్మబుద్ధయింది.

స్వలింగ సంపర్కం అనే మాట మన పేపర్లలో వాడతారు. నాకు నచ్చదు. ఏదో కరెంటు తీగలు తగులుకున్నట్టు ఉంటుంది. ఈ నవల్లో సంపర్కం రెండు పేజీలు, ఎదురుచూపు రెండొందల పేజీలు. మన దగ్గర అప్పటి శిక్షాస్మృతి 377వ సెక్షన్ కింద ఇది నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తేల్చింది. పెళ్లి హక్కు మాత్రం 2023 అక్టోబరులో ఇవ్వలేదు, పార్లమెంటు చూసుకోవాలంది. మరీ దూరం ఎందుకు, 2024 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకి ఒక హెబియస్ కార్పస్ వచ్చింది, అంటే నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకి తెప్పించమనే పిటిషన్. ఇదే విజయవాడలో కలిసి ఉంటున్న ఇద్దరమ్మాయిలు. ఒకమ్మాయిని కన్నవాళ్లు తీసుకెళ్లి ఇంట్లో ఉంచేస్తే రెండో అమ్మాయి కోర్టుకెళ్లింది. ఆ అమ్మాయి మేజరు, ఎవరితో ఉండాలో తనిష్టం అని కోర్టు చెప్పి పంపింది. మనం ఈ హాలుకి వచ్చేటప్పుడు వాళ్లు పక్క ఆటోలో వెళ్తుండొచ్చు. అమెరికా కథ అని తీసిపారేయకండి అని చెప్పడానికి ఇది చెప్తున్నాను.

పేరు సంగతి చెప్పలేదు కదూ. ఉప్పు. కరోల్ లేని రోజుల్లో తెరీజ్ ఒక కాఫీ షాపు తలుపు తీస్తుంది. ఇద్దరూ కలిసి విన్న పాట లోపల మోగుతుంటుంది. తలుపు వదిలేసి నడిచిపోతుంది. ఈ లోకానికి మళ్లీ ఉప్పు ఎక్కడి నుంచి వస్తుంది అనుకుంటుంది మనసులో. మనకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. ఉప్పూ కారం తినే మనిషివి కాదా అని తిట్టుకునే జాతి మనది. (నవ్వులు)

(సభలో ఒకరు: తెలుగులో తేవచ్చుగా?)

తేవాలి మాస్టారూ. నాకు చేతకాదు, నా తెలుగు పిటిషన్ తెలుగు. ప్రస్తుతానికి ఈ కాపీ ఒక్కటే ఉంది, కావాలంటే ఇవాళ ఎవరైనా తీసుకెళ్లండి. వచ్చే నెల మాత్రం తిరిగి ఇచ్చేయాలి, అది మా జూనియర్‌ది.

లోపల పెన్సిల్ గీతలు కనిపిస్తాయి. నావి సన్నగా ఉంటాయి, వకీళ్ల గొడవ దగ్గర, ఆ షరతుల దగ్గర, ఉత్తరాల దగ్గర. ఇంకోరకం గీత, ఒత్తి గీసింది, మొదట్లో ఒక చోట ఉంది. కరోల్ ఇంటికి మొదటిసారి వెళ్లిన రోజు ఆవిడ తెరీజ్‌కి వేడి పాలు కాచి తెచ్చి ఇస్తుంది. ఆ పాలు ఎముకలా, నెత్తురులా, సుద్దలా ఉప్పు లేకుండా, అయినా ప్రాణం ఉన్నట్టు ఉన్నాయని రాస్తుంది రచయిత్రి. తల్లి లేకుండా పెరిగిన పిల్ల మొత్తం తాగేస్తుంది. మొదటిసారి చదివినప్పుడు నేనా పేజీ తిప్పేశాను, కోర్టు ఎప్పుడొస్తుందా అని. రెండోసారి చదివేటప్పుడే ఆ గీత చూశాను. అది నేను గీసింది కాదు.

టీ వచ్చినట్టుంది. వెనకవాళ్లకి ముందు ఇవ్వండి.